మా అపార్ట్‌మెంట్‌లో బొమ్మల లైబ్రరీ పెడదామనుకుంటున్నాం. నడిపినవాళ్లు, చూసినవాళ్లు చెప్పండి

నిజాంపేట అమ్మ
ఏప్రిల్ 19, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేటలో 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా బాబుకి నాలుగేళ్లు. మొన్న అటక మీద సామాను దించి సర్దుతూ వాడి బొమ్మలన్నీ ఒకచోట పోసి లెక్కపెట్టాను. చిన్నవీ పెద్దవీ కలిపి 63. రోజూ ముట్టుకునేవి ఆరో ఏడో. మిగతావి పుట్టినరోజులకు వచ్చినవి, మాల్‌లో ఏడిస్తే కొన్నవి, మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చినవి. కొన్నిటికి డబ్బా మూత కూడా తీయలేదు.

అదే రోజు సాయంత్రం కింద వాడు మూడు చక్రాల సైకిలు తొక్కుతుంటే మా వాచ్‌మన్ గారి పాప స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. ఆరేళ్లుంటాయి. అడగదు, దగ్గరికి రాదు. సైకిలు ఎటు వెళ్తే అటు తల తిప్పుతోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పిలిచి తొక్కించాను, అది పెద్ద పని కాదు. కానీ మా దగ్గర పదేళ్లలోపు పిల్లలు 70 మంది దాకా ఉంటారు. ఇళ్లలో పనికి వచ్చేవాళ్ల పిల్లలు వేరే. ఇన్ని అటకల మీద ఇన్ని బొమ్మలు మూలుగుతుంటే ఇంతమంది పిల్లలు చూస్తూ నిలబడటం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

సెల్లార్‌లో జనరేటర్ రూమ్ పక్కన ఒక గది ఖాళీగా ఉంది. పుస్తకాల లైబ్రరీలాగే బొమ్మలు ఇంటికి తీసుకెళ్లి, ఆడుకుని, తిరిగి ఇచ్చేలా పెడదామని నలుగురం అనుకున్నాం. విరిగితే ఎవరు కట్టాలి? జబ్బులు అంటుకుంటాయని కొందరు భయపడుతున్నారు, వాళ్లకేం చెప్పాలి? డిపాజిట్ తీసుకోవాలా? మీకు తెలిసింది ఏదైనా రాయండి.

ఓరుగల్లు బిడ్డ
ఏప్రిల్ 19, రాత్రి 11:15

మంచి ఆలోచన అక్కా. ముందు ఆ గది సంగతి అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టి మినిట్స్‌లో రాయించుకోండి. నోటిమాట మీద మొదలుపెడితే కమిటీ మారిన రోజు గది పోతుంది. మా దగ్గర క్యారమ్ రూమ్ అట్లనే పోయింది.

యారా ఒడ్డున
ఏప్రిల్ 20, ఉదయం 6:05

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడ టాయ్ లైబ్రరీలు చాలా పేటల్లో కనిపిస్తాయి. ఎక్కువ భాగం తల్లిదండ్రులే, జీతాలు లేకుండా, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్ల హాల్లోనో పాత భవనంలోనో నడుపుతారు. మాకు దగ్గర్లో ఉన్నదాన్లో నేను మూడేళ్లుగా సభ్యురాలిని. శనివారం ఉదయం రెండు గంటలు, వారం మధ్యలో ఒక రోజు ఒక గంట తెరుస్తాం. సంవత్సరానికి ఒక చందా ఉంటుంది. ప్రతి కుటుంబం ఏడాదికి ఇన్నిసార్లని వచ్చి డ్యూటీ చేయాలి. డ్యూటీ చేయలేనివాళ్లు చందా కొంచెం ఎక్కువ కడతారు.

చూసినవాళ్లకు బొమ్మలు ఇవ్వడం, తీసుకోవడం మాత్రమే కనిపిస్తుంది. అసలు పని ముక్కలు లెక్కపెట్టడం. మా దగ్గర ప్రతి బొమ్మకూ ఒక సంచో ప్లాస్టిక్ డబ్బానో ఉంటుంది. దాని మీద ఆ బొమ్మ ఫోటో, నంబరు, లోపల ఎన్ని ముక్కలున్నాయో రాసిన చీటీ. "కిచెన్ సెట్, 23 ముక్కలు: 4 గిన్నెలు, 4 మూతలు, 6 చెంచాలు..." ఇలా. తీసుకెళ్లే అమ్మ లెక్కపెట్టుకుని తీసుకెళ్తుంది, తిరిగొచ్చినప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు మళ్లీ లెక్కపెడతారు. పజిల్ అయితే ప్రతి ముక్క వెనక ఆ పజిల్ నంబరు రాసేస్తాం. అప్పుడు ఎక్కడో సోఫా కింద ఒక ముక్క దొరికినా అది ఏ డబ్బాదో వెంటనే తెలుస్తుంది. ఈ ఒక్క పని మొదటి రోజే చేసుకోండి. తర్వాత చేద్దామనుకుంటే 200 డబ్బాలు ముందేసుకుని కూర్చోవాల్సి వస్తుంది. మేం అలా కూర్చున్నాం, రెండు ఆదివారాలు పట్టింది.

ముక్క పోతే? "దొరకని ముక్కలు" అని ఒక పెట్టె, ఒక పుస్తకం. వెతకడానికి రెండు వారాలు టైమ్ ఇస్తాం. దొరక్కపోతే, అది లేకుండా ఆడుకోవచ్చనుకుంటే చీటీ మీద 23 కొట్టేసి 22 అని రాస్తాం, అంతే. మామూలు వాడకంలో విరిగినదానికి డబ్బు అడగం. పిల్లలు ఆడితేనే కదా విరిగేది.

మియాపూర్ నాన్న
ఏప్రిల్ 20, ఉదయం 9:30

నేను దీనికి వ్యతిరేకం కాదు. కానీ రెండేళ్ల కింద మా కాలనీలో ఇలాంటిదే చేసి ఎదురుదెబ్బ తిన్నాం కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఎవరి బొమ్మ వాళ్ల ఇంట్లోనే ఉంటుంది, ఫోటో గ్రూపులో పెడతారు, కావాల్సినవాళ్లు వెళ్లి వారం తెచ్చుకుంటారు. మొదటి నెల బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఒకాయన తన కొడుకు రిమోట్ కారు ఇచ్చారు. అది వానలో తడిసి తిరిగొచ్చింది. తీసుకెళ్లినవాళ్లు "ముందే పనిచేయలేదు" అన్నారు, ఈయన "షోరూమ్ పీసులా ఇచ్చాను" అన్నారు. పిల్లాడు లిఫ్ట్ దగ్గర నిలబడి ఏడ్చాడు. రెండు కుటుంబాల మధ్య మాటలు పోయాయి. నాలుగో నెల్లో గ్రూపులో ఎవరూ ఫోటో పెట్టలేదు.

నాకు తర్వాత అర్థమైంది ఇది. మేం బొమ్మ ఇచ్చాం కానీ "నాది" అన్న భావం ఇవ్వలేదు. వస్తువు పక్కింట్లో, మనసు మన ఇంట్లో. మీరు పెడితే మాత్రం లైబ్రరీకి ఇచ్చిన బొమ్మ లైబ్రరీదే, ఇచ్చినవాళ్లు దాని బాగోగులు అడగకూడదు అని మొదటే చెప్పేయండి. ఇవ్వడానికి మనసు రాని బొమ్మ ఇవ్వొద్దని కూడా చెప్పండి.

నిజాంపేట అమ్మ
ఏప్రిల్ 20, ఉదయం 10:12

మియాపూర్ నాన్న గారూ, నిజం చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. మేం కూడా సరిగ్గా ఆ వాట్సాప్ పద్ధతే అనుకున్నాం, గది తర్వాత చూద్దామని. ఇప్పుడు ఆ ఆలోచన మానేస్తున్నాం.

తెనాలి పాత లైబ్రేరియన్
ఏప్రిల్ 20, సాయంత్రం 5:48

అమ్మా, నేను గ్రంథాలయాల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బొమ్మల లైబ్రరీ నడపలేదు గానీ, వస్తువును పదిమందికి ఇచ్చి తిరిగి తీసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1935లో మొదలైంది. ఆర్థిక మాంద్యం రోజులు. ఒక దుకాణంలో పిల్లలు చిన్న చిన్న వస్తువులు ఎత్తుకుపోతున్నారు. ఎందుకా అని ఆరా తీస్తే, వాటితో బొమ్మలు చేసుకోవడానికని తేలింది. కొనుక్కునే స్తోమత లేని పిల్లలు. శిక్షించే బదులు ఒక గ్యారేజీలో బొమ్మలు పోగుచేసి పుస్తకాల్లాగా అరువివ్వడం మొదలుపెట్టారు. ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. చందా లేదు. వేళకు, బాగా ఉంచి తిరిగిచ్చిన పిల్లలకు కొన్నాళ్లకు ఒక కొత్త బొమ్మ సొంతంగా ఇచ్చేస్తారు.

1935 అనగానే నాకు మన గ్రంథాలయ ఉద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు గుర్తొస్తారు. అదే సంవత్సరం ఆయన కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ప్రయాణికులు పడవలో చదివేవారు, ఒడ్డున ఊళ్లవాళ్లు తీసుకునేవారు. అక్కడ గ్యారేజీ, ఇక్కడ పడవ. రెండుచోట్లా బీరువాకు తాళం వేసి కూర్చోలేదు.

తాళం సంగతి ఎందుకు ఎత్తానంటే, మన లైబ్రరీల్లో నేను చూసిన పెద్ద జబ్బు అదే. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే లైబ్రేరియన్ జీతంలోంచి కట్టాలన్న భయం. ఆ భయంతో మంచి పుస్తకాలన్నీ అద్దాల బీరువాలోకి పోయేవి. ఎప్పటికీ పోకుండా ఉండే పుస్తకమంటే ఎవరూ చదవని పుస్తకమే. నేనూ మొదటి ఆరేళ్లు అలాగే చేశాను. ఆ ఆరేళ్లలో మా ఊరి పిల్లలు చదవకుండా పోయిన పుస్తకాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకని నా సలహా: యాక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి వస్తువునూ వరసగా రాసే పుస్తకం పెట్టండి, ప్రతి బొమ్మకూ నంబరు ఇవ్వండి. అందులోనే చివర "కొట్టివేత" అని ఒక గడి గీయండి. విరిగినవి, పోయినవి తేదీ వేసి అందులో రాయండి. మొదటి రోజునుంచే ఆ గడి ఉంటే, విరగడం నేరం కాదు, లెక్కలో భాగం అని అందరికీ తెలుస్తుంది. ఏడాదికి పదింట ఒక వంతు బొమ్మలు అందులోకి పోతాయని ముందే అనుకుని మొదలుపెట్టండి. అంతకంటే తక్కువ పోతే సంతోషించండి.

యలమంచిలి వైపు అంగన్‌వాడీ టీచర్
ఏప్రిల్ 20, రాత్రి 9:20

లైబ్రేరియన్ గారు రాసింది చదివి నా గురించే రాశారా అనిపించిందండి.

నేను అంగన్‌వాడీలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కింద మా సెంటర్‌కి ఒక పెట్టెడు ఆటబొమ్మలు వచ్చాయి. బ్లాకులు, రింగులు, పూసలు, జంతువుల బొమ్మలు. "జాగ్రత్త, చెకింగ్‌లో అన్నీ చూపించాలి" అని చెప్పారు. నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరైనా వస్తున్నారంటే తీసి చాప మీద పరిచేదాన్ని, వెళ్లాక లోపల పెట్టేదాన్ని. ఒకరోజు ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మళ్లీ సార్లు ఎప్పుడొస్తారు?" అని అడిగింది. ఎందుకే అంటే, "బొమ్మలు తీస్తావు కదా" అంది.

ఆ రోజు నుంచి తాళం వేయలేదు. ఏడాదిలో పూసలు సగం పోయాయి, రెండు జంతువులకు కాళ్లు విరిగాయి. చెకింగ్‌కి వచ్చినవాళ్లకు విరిగినవే చూపించి, పిల్లలు ఆడుతున్నారండి అని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇన్నాళ్లూ నేనే భయపడ్డాను.

ఇంకో మాట. అన్నీ కొన్నవే పెట్టక్కర్లేదు. తాటి బుర్రల బండి, తాటాకు గిలక, సోడా మూతలకు దారం కట్టి తిప్పే రంగరాట్నం, చింతపిక్కలు, గవ్వలు, అష్టాచమ్మా గీసిన పలక. పిక్కలు, గవ్వలు పెద్ద పిల్లలకే ఇవ్వాలి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అరవింద్ గుప్తా గారని పుణెలో పనిచేశారు, పారేసే వస్తువులతో వందల బొమ్మలు చేసి చూపించారు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. నెట్‌లో ఆ బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. నెలకోసారి పిల్లలనే కూర్చోబెట్టి చేయిస్తే, తాము చేసిన బొమ్మ ఇంకొకరు తీసుకెళ్తుంటే వాళ్ల ముఖం చూడాలండి.

మాకు దగ్గర్లోనే ఏటికొప్పాక. అక్కడి లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు, సహజ రంగులు వేస్తారు. లక్కపిడతలు, బొంగరాలు, చిన్న ఎడ్లబండి మీ లైబ్రరీకి బాగుంటాయి. ఒక జాగ్రత్త: వాటిని శానిటైజర్‌తో తుడవొద్దు. స్పిరిట్ తగిలితే లక్క కరిగి మెరుపు పోతుంది. నీళ్లలో నానబెట్టొద్దు. కొంచెం తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు. కరోనా టైమ్‌లో తెలియక నేను నాలుగు పాడుచేశాను.

అమలాపురం అమ్మమ్మ
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:30

కొండపల్లి బొమ్మలు మాత్రం అరువుకి పెట్టకండి తల్లీ. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన. చింతగింజల మక్కుతో అతికిస్తారు. చూసి మురిసిపోవడానికి అవి, పిల్లలు ఈడ్చి ఆడుకోవడానికి కాదు. గదిలో పైఅరలో పెట్టి అందరికీ చూపించండి.

మా చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువుకి మెట్లు నిండకపోతే పక్కింటి నుంచి బొమ్మలు తెచ్చుకునేవాళ్లం. మా అమ్మ ప్రతి బొమ్మ అడుగున సుద్దతో ఆ ఇంటి గుర్తు వేసేది. ముక్కనుమ వెళ్లాక పాత చీరముక్కలో చుట్టి, పైన కాసిన్ని పప్పుబెల్లాలు పెట్టి తిరిగి పంపేది. ఎన్నేళ్లు తెచ్చుకున్నా ఒక్కటీ తారుమారు కాలేదు.

పిల్లల వార్డు నర్సు
ఏప్రిల్ 21, రాత్రి 8:55

జబ్బుల భయం గురించి అడిగారు కదా. భయపడాల్సింది జలుబు గురించి కాదు. నేను వార్డులో చూసేది చెప్తాను.

మొదటిది బటన్ బ్యాటరీ. వాచీలో, వెలుగుల బొమ్మల్లో, పాటలు పాడే కార్డుల్లో ఉండే గుండ్రటి బిళ్ల. అది పిల్లవాడి గొంతులో, అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, వాంతి చేయించకూడదు, రేపు చూద్దాం అనకూడదు. మీ లైబ్రరీకి వచ్చే ప్రతి బ్యాటరీ బొమ్మనూ తిరగేసి చూడండి. బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ తీసుకోవద్దు. ఎంత ఖరీదైనదైనా సరే.

రెండోది చిన్న అయస్కాంతాలు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలో పేగును నొక్కేస్తాయి, చిల్లు పడుతుంది. ఆపరేషన్ దాకా వెళ్తుంది. వదులు అయస్కాంతాల సెట్లు అసలు పెట్టకండి.

మూడోది మూడేళ్లలోపు పిల్లలు. పరీక్షించే చోట్ల సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదమే. ఇంట్లో అయితే టిష్యూ రోల్ లోపలి అట్ట గొట్టంతో చూసుకోండి. అది ఇంకొంచెం వెడల్పు, కాబట్టి మనం ఇంకా జాగ్రత్త వైపే ఉంటాం. మూడేళ్లలోపు బొమ్మలకు అర వేరు, డబ్బా రంగు వేరు పెట్టండి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అంతకుముందువి, గుర్తు లేనివి వస్తే రంగు ఊడుతోందేమో గోటితో గీకి చూడండి. పెచ్చులు లేస్తే పక్కన పెట్టేయండి. ఏటికొప్పాక, కొండపల్లి లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అందుకని వాటి మీద గుర్తు లేదని కంగారుపడొద్దు.

శుభ్రం చేయడం తేలికే. ప్లాస్టిక్‌వి సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లోపల నీళ్లు నిలిచే స్నానం బొమ్మలు తీసుకోవద్దు, బూజు పడుతుంది. బొచ్చు బొమ్మలు కూడా వద్దు, ప్రతిసారీ ఉతికి ఆరబెట్టడం మీ వల్ల కాదు. పిల్లలకు జ్వరమో, విరేచనాలో, చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బో వస్తే బొమ్మ ఇంట్లోనే ఉంచుకుని తగ్గాక కడిగి తెమ్మనండి. ఆలస్యానికి జరిమానా వేయకండి.

బెజవాడ పాప వాళ్లమ్మ
ఏప్రిల్ 22, రాత్రి 11:50

ఆలస్యంగా రాస్తున్నాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా పాపకి ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు మాట వినవు. కుడిచెయ్యి మూసుకునే ఉంటుంది. థెరపీకని చెప్పిన బొమ్మలు మామూలు దుకాణాల్లో దొరకవు, దొరికితే ధర వింటే గుండె ఆగుతుంది. ఒకసారి 4,500 పెట్టి ఒకటి తెప్పించాం. నొక్కితే లైటు వెలిగి పాట వస్తుంది. పాప దాన్ని చూసి మొహం తిప్పుకుంది. ఒక్కరోజు కూడా ఆడలేదు. ఆ తర్వాత వారానికి, వంటింట్లో నేను స్టీలు బేసిన్‌లో కొబ్బరికాయ దొర్లించి పెడితే, ఆ చప్పుడుకి నవ్వి, కుడిచెయ్యి చాచింది. ఏడుపు ఆగలేదు నాకు.

మాలాంటి ఇళ్లకు బొమ్మల లైబ్రరీ సరదా కాదండి. ఏ బొమ్మ మా బిడ్డ చేతిని తెరిపిస్తుందో ముందు తెలియదు. పది తెచ్చి చూస్తే ఒకటి పనికొస్తుంది. పదీ కొనలేం. స్వీడన్‌లో 1963లో స్టాక్‌హోమ్‌లో లెకోటెక్ అనే బొమ్మల లైబ్రరీని మొదలుపెట్టింది ఇలాంటి పిల్లల తల్లులే. బొమ్మ ఇవ్వడమే కాదు, దాంతో ఆ పిల్లతో ఎలా ఆడాలో పక్కన కూర్చుని చూపించేవాళ్లు. తర్వాత చాలా దేశాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి.

మీ గదిలో మాకోసం ప్రత్యేకంగా అర పెట్టొద్దు. పెడితే అక్కడికి మేం ఒక్కళ్లమే వెళ్లాలి, అందరూ చూస్తారు. మామూలు బొమ్మల్లోనే కొన్నిటికి పట్టుకోవడానికి పెద్ద పిడి, గట్టిగా చప్పుడు, గరుకు నునుపు తేడా, బల్లకు అతుక్కునే అడుగు ఉండేలా చూడండి. పజిల్ ముక్కకు ఒక సీసా మూత అంటించినా మా పాప పట్టుకోగలదు. మూడేళ్ల పిల్లలకీ అదే సులువు.

యారా ఒడ్డున
ఏప్రిల్ 23, ఉదయం 5:40

బెజవాడ పాప వాళ్లమ్మ గారూ, రాసినందుకు మీకు నమస్కారం. సీసా మూత సంగతి ఈ శనివారమే మా దగ్గర చెప్తాను. జిగురు ఊడి మూత చిన్నపిల్లల నోట్లోకి వెళ్లకుండా పెద్ద మూతలు తీసుకుని స్క్రూతో బిగిస్తాం.

నిజాంపేట అమ్మ
ఏప్రిల్ 23, రాత్రి 10:20

అందరి పోస్టులూ ప్రింటు తీసి మీటింగుకి తీసుకెళ్లాను. గది ఇచ్చారు, మినిట్స్‌లో రాశారు. కానీ డిపాజిట్ దగ్గర ఆగిపోయింది. కుటుంబానికి 1,000 రూపాయలు డిపాజిట్ పెట్టాలని సగం మంది. లేకపోతే ఎవరూ జాగ్రత్తగా చూడరట. పెడితే వాచ్‌మన్ గారి పాప, మా ఇంట్లో చేసే ఆవిడ పిల్లలు రాలేరు. అసలు నేను మొదలుపెట్టిందే ఆ పాపను చూసి.

ఓరుగల్లు బిడ్డ
ఏప్రిల్ 23, రాత్రి 10:41

వెయ్యి అంటే వాళ్లకు నెల సామాను అక్కా. "వాళ్లకు మాఫీ చేద్దాం" అని కూడా అనకండి. మాఫీ అన్న మాట పడితే ఆ పాప రిజిస్టర్‌లో వేరే రకంగా ఉంటుంది, పిల్లలకు అది ఇట్టే తెలుస్తుంది. నేను అట్లాంటి పిల్లవాణ్నే. మా నాన్న ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. పైఫ్లోర్ అంకుల్ వాళ్ల చెస్ బోర్డు "నువ్వు ఆడుకో, కానీ ఇక్కడే కూర్చుని ఆడుకో" అని ఇచ్చేవారు. మంచి మనిషి, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ బోర్డు ఒక్కసారన్నా మా గదికి తెచ్చుకుని మా చెల్లెకు నేర్పాలని ఎంత ఉండేదో. ఎవరికీ డిపాజిట్ వద్దు. అందరికీ ఒకటే కార్డు.

తెనాలి పాత లైబ్రేరియన్
ఏప్రిల్ 24, ఉదయం 7:15

ఆ అబ్బాయి మాట ఖాయం చేయండి. విరిగినవాటికి ఖర్చు కావాలంటే ఫ్లాటుకు నెలకు పది రూపాయలు మెయింటెనెన్స్‌లో కలిపితే 1,400 వస్తుంది. డిపాజిట్ అవసరమే ఉండదు. భోపాల్‌లో 2022 మేలో అప్పటి ముఖ్యమంత్రే తోపుడుబండి తోసుకుంటూ అంగన్‌వాడీల కోసం బొమ్మలు సేకరించారు. బొమ్మలకు కొదవ లేదు. వారం వారం గది తలుపు తీసే మనిషి దొరకడమే కష్టం. డబ్బు గురించి కాదు, ఆదివారం పది గంటలకు ఎవరు వస్తారో ఇప్పుడే పేర్లు రాయించుకోండి.

మియాపూర్ నాన్న
ఏప్రిల్ 24, ఉదయం 9:02

నెలలో రెండు ఆదివారాలు నేను వస్తాను. మియాపూర్ నుంచి ఎంతో దూరం లేదు. నా రిమోట్ కారు అనుభవం ఎక్కడో ఒకచోట పనికిరావాలి.

ఒక సందేహం. మూడేళ్ల పిల్ల బొమ్మ ఇష్టపడి తిరిగి ఇవ్వనంటే ఏం చేస్తారు? మా చిన్నది లైబ్రరీ పుస్తకానికే ఇల్లు పీకి పందిరేసింది.

యారా ఒడ్డున
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:30

మొదటి రెండు మూడు సార్లు ఏడుస్తారండి. మేం తల్లిదండ్రులతో చెప్పేది: బొమ్మను మీరు లాక్కుని సంచిలో వేయొద్దు, పిల్ల చేతికే ఇచ్చి బల్ల మీద పెట్టించండి, వెంటనే కొత్తది ఎంచుకోనివ్వండి. ముందురోజు రాత్రే "రేపు దీన్ని వాళ్లింటికి పంపుదాం" అని చెప్పి పెట్టండి. మా చిన్నవాడు ఒక చెక్క రైలుకి పడుకునే ముందు టాటా చెప్పేవాడు. మూడు వారాల తర్వాత అది మళ్లీ అరలో కనిపిస్తే ఎగిరి గంతేశాడు. రోజూ పక్కలో పెట్టుకునే సొంత బొమ్మ ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వమనకండి.

నిజాంపేట అమ్మ
జూలై 27, రాత్రి 9:10

అందరికీ మళ్లీ నమస్కారం. మూడు నెలలు రాయలేదు, క్షమించండి. జూన్ 11న తెరిచాం. ఐక్యరాజ్యసమితి ఆ రోజును 2024 నుంచి అంతర్జాతీయ ఆటల దినంగా జరుపుతోందని మా ఫ్లాట్స్‌లో ఒకరు చెప్పారు. బడులు తెరిచే ముందు రోజు కూడా కాబట్టి పిల్లలందరూ ఉన్నారు.

ఇళ్ల నుంచి 212 బొమ్మలు వచ్చాయి. నర్సు గారి పద్ధతిలో చూసి 57 తీసేశాం. ఎక్కువ భాగం బ్యాటరీ మూతకు స్క్రూ లేనివి, బొచ్చువి. 155కి నంబర్లు వేశాం. పజిల్ ముక్కల వెనక రాయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది, పెద్ద పిల్లలే రాశారు. డిపాజిట్ లేదు. మీటింగ్‌లో ఓరుగల్లు తమ్ముడి పోస్టు చదివి వినిపించాను. చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. ఒకాయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్ల పిల్లలను పంపడం లేదు, వాళ్లమ్మాయి గది బయట నుంచి చూసి వెళ్తోంది. అది నాకు చాలా బాధగా ఉంది, ఏం చేయాలో తెలియడం లేదు.

వాచ్‌మన్ గారి పాప మొదటి వారం ఏమీ తీసుకోలేదు. రెండో వారం వామనగుంటల పీట తీసుకెళ్లింది. ఖరీదైనవి ఎన్నో ఉండగా అదే ఎందుకో అనుకున్నాను. వాళ్ల నాయనమ్మ ఊరి నుంచి వచ్చిందట, ఆవిడకి ఆడటం వచ్చట. ఇప్పుడు గురువారం సాయంత్రాలు ఆ నాయనమ్మ సెల్లార్‌లో కూర్చుని పిల్లలకు నేర్పుతోంది. ఆ పీట కోసం వెయిటింగ్ లిస్టు ఉంది. మియాపూర్ నాన్న గారు మాట ప్రకారం వస్తున్నారు, చక్రాలు, స్క్రూలు ఆయనే చూస్తున్నారు.

కొట్టివేత గడిలో ఇప్పటికి ఆరు పడ్డాయి. ఏడోది కూడా రాయాల్సి వస్తుందేమో: ఏటికొప్పాక ఎడ్లబండికి ఒక చక్రం పోయింది. తీసుకెళ్లిన బాబు మూడు రోజులు వెతికి, దొరక్క, బదులుగా వాడి మట్టి ఎద్దు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వద్దన్నా వినలేదు.

యలమంచిలి వైపు అంగన్‌వాడీ టీచర్
జూలై 27, రాత్రి 9:44

రాయకండి కొట్టివేతలో! వచ్చే సోమవారం నాకు ఏటికొప్పాక వైపు పని ఉంది. చక్రం ఒక్కటే చేసి ఇస్తారు, నేను అడిగి పంపిస్తాను. రెండో చక్రం అడ్డకొలత, మందం, మధ్య రంధ్రం ఎంతో కొలిచి రాయండి. ఏ రంగు?

నిజాంపేట అమ్మ
జూలై 27, రాత్రి 10:03

ఇప్పుడే సెల్లార్‌కి వెళ్లి కొలిచాను టీచర్ గారూ. అడ్డకొలత నాలుగున్నర సెంటీమీటర్లు, మందం ఒకటి. రంధ్రం పెన్సిల్ పట్టేంత. రంగు పసుపు, అంచున సన్నటి ఎర్ర గీత.